మౌలాలి గుట్ట మీదుగా ఒక సిలబస్ ఫైలు

మౌలాలికి రైల్లో వెళ్ళడం ఇప్పుడు హాయిగానే ఉంది, బండి దొరికితే. సనత్‌నగర్ నుంచి మౌలాలికి వచ్చే లైను మీద చాలాకాలం గూడ్సులే ఎక్కువగా తిరిగేవి. ఎంఎంటీఎస్ రెండో దశలో ఆ లైనును బాగుచేసి, 2024 మార్చి 5న ఘట్‌కేసర్–లింగంపల్లి బండిని ప్రధాని జెండా ఊపి పంపారు. సర్వీసులు తక్కువ. టైముకు ముందే ప్లాట్‌ఫాం మీద ఉండకపోతే బస్సే గతి. అందుకేనేమో బోగీలో కూర్చోడానికి చోటు ఉంటుంది. నా ఎదురుగా కూర్చున్న మిత్రుడు ఆ చోటును పూర్తిగా వాడుకున్నాడు. పక్క సీటు మీద ఒక బాక్స్ ఫైలు పెట్టి, ఒళ్ళో ఇంకో కట్ట విప్పాడు.

అతను ఒక అటానమస్ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. కాలేజీ పేరు ఇక్కడ అనవసరం, అలాంటివి ఊరి చుట్టూ ఉన్నాయి. డిపార్ట్‌మెంట్‌లో సిలబస్ కోఆర్డినేటర్ అనే బరువు అతని నెత్తిన పడింది. ఆ ఫైలును ఉస్మానియా క్యాంపస్‌లో ఉండే ఒక ప్రొఫెసర్‌కు అందించాలి. ఆయన వీళ్ళ సిలబస్ చూసి ఆమోదించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో బయటి సభ్యుడు. నాకేమో మౌలాలి గుట్ట, దాని కిందున్న తోట చూడాలని చాలాకాలంగా ఉంది. మౌలాలి నుంచి క్యాంపస్ పక్కనున్న తార్నాక ఎంత దూరం గనక, రెండు పనులూ ఒకే రోజు పెట్టుకున్నాం. దారిలో అతని చిన్నాయన ఇల్లు కూడా ఉంది, భోజనం అక్కడే.

ఫైల్లో ఏముందని అడిగితే ఒక్కొక్కటే తీసి చూపించాడు. పైన అజెండా. దాని కింద స్కీమ్: ఏ సెమిస్టర్లో ఏ సబ్జెక్టు, వారానికి ఎన్ని గంటలు, ఎన్ని క్రెడిట్లు, ఎన్ని మార్కులు. ఆ కింద సిలబస్ పేజీలు. ప్రతి సబ్జెక్టుకూ కోర్సు అవుట్‌కమ్స్ అని 5 వాక్యాలు. ఆ అయిదింటినీ ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్ అనే మరో పన్నెండింటితో ముడిపెట్టే పట్టిక. సంబంధం ఎంత గట్టిదో చెప్పడానికి ప్రతి గడిలో 1, 2, 3ల్లో ఏదో ఒకటి వేయాలి, సంబంధం లేకపోతే గీత పెట్టాలి. సబ్జెక్టుకు 60 గడులు. 40 సబ్జెక్టులుంటే 2,400 గడులు. ఇదంతా ఊరికే పుట్టలేదు. 2014 జూన్‌లో మన దేశం వాషింగ్టన్ అకార్డ్‌లో పూర్తిస్థాయి సభ్యురాలైంది. ఆ ఒప్పందం కింద మన ఇంజనీరింగ్ డిగ్రీని బయటి దేశాలు గుర్తించాలంటే ఎన్‌బీఏ అనే సంస్థ ఇచ్చే అక్రెడిటేషన్ ఉండాలి, అక్రెడిటేషన్ కావాలంటే ఈ పట్టిక ఉండాలి.

ఒక గడి మీద వేలు పెట్టి, "ఇక్కడ 2 ఎందుకు వేశావు?" అన్నాను.

"దాని పక్కన రెండు 3లు ఉన్నాయి కదా. మూడోది కూడా 3 అయితే అడుగుతారు."

అబద్ధం చెప్పలేదు, అదే నాకు నచ్చింది. ఉద్దేశం మంచిదే: ఈ పాఠం వల్ల పిల్లవాడికి ఏం వస్తుందో ముందే ఆలోచించు అని. కానీ 2,400 సార్లు ఆలోచించమంటే మనిషి ఆలోచించడం మానేసి నింపడం మొదలుపెడతాడు.

మౌలాలి స్టేషన్ దగ్గర దిగగానే కనిపించేవి రైల్వే వాళ్ళ ఆస్తులే: లోకో షెడ్డు, యార్డు, క్వార్టర్లు, జోనల్ రైల్వే ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్. దక్షిణ మధ్య రైల్వేలో స్టేషన్ మాస్టర్లు, గార్డులు పాఠాలు నేర్చుకునేది ఇక్కడే. ఆ గేటు ముందు మిత్రుడు ఒక్క నిమిషం ఆగి, "వీళ్ళకు బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంటుందంటావా?" అన్నాడు. అతని చిన్నాయనకు తెలియాలి. ఆయన లోకో పైలట్‌గా చేసి రిటైరయ్యాడు.

ముందు గుట్ట. హైదరాబాద్ చుట్టూ ఉన్న రాతి గుట్టలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టిన బండల్లా ఉంటే, మౌలాలిది మాత్రం ఏకశిలలా గుండ్రంగా లేచి నిలబడుతుంది. 1578లో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, ఆయన కొలువులోని యాకూత్ అనే పరిచారకుడికి ఈ గుట్ట మీద హజ్రత్ అలీ కూర్చుని ఉన్నట్టు కల వచ్చిందనీ, తెల్లారి వెళ్ళి చూస్తే బండ మీద అరచేతి గుర్తు కనిపించిందనీ చెబుతారు. ఆ గుర్తు చుట్టూ దర్గా వెలిసింది. ఏటా రజబ్ నెలలో ఉర్సు జరుగుతుంది. తర్వాత ఆసఫ్‌జాహీలు దీన్ని చాలా ఇష్టంగా పోషించారు, అమీర్లు కింద తోటలూ విడిదులూ కట్టించుకున్నారు. ఎదుటి చిన్న గుట్ట మీద కదమ్‌రసూల్ ఉంది.

మెట్లు ఎక్కుతూ, ఆయాసపడుతూ మిత్రుడు తన కాలేజీ కథ చెప్పాడు. ఎక్కేటప్పుడు చెప్పాడు కాబట్టి వాక్యాలు పొట్టిగా వచ్చాయి, నాకు సులువైంది.

జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో సిలబస్‌ను రెగ్యులేషన్ అంటారు. ఆర్18, ఆర్22, అలా. ఆర్18లో సబ్జెక్టుకు ఇంటర్నల్ 25, ఎక్స్‌టర్నల్ 75. ఆర్22లో అది 40, 60 అయింది. మిత్రుడి కాలేజీ అటానమస్ అయినా మార్కుల పద్ధతి అదే వరసలో మార్చుకుంది. స్కీమ్ పేజీలో 40, 60 అని దిద్దారు. ఒక సబ్జెక్టు సిలబస్ పేజీ మాత్రం పాత పుస్తకం నుంచి యథాతథంగా వచ్చింది, దాని నెత్తిన 25, 75 అలాగే ఉండిపోయాయి. ప్రశ్నపత్రం రాసే బయటి అధ్యాపకుడికి పంపింది ఆ సిలబస్ పేజీ. ఆయన బుద్ధిగా 75 మార్కులకు పేపరు రాశాడు. పరీక్ష హాల్లో కట్ట విప్పాక ఒక అమ్మాయి చెయ్యెత్తి అడిగేదాకా ఎవరికీ తెలియలేదు. పరీక్ష వాయిదా.

"అంతకుముందు దాన్ని ఎంతమంది చూశారు?"

"బోర్డ్ ఆఫ్ స్టడీస్ చూసింది. అకడమిక్ కౌన్సిల్ చూసింది. గవర్నింగ్ బాడీకి పోయింది." ఒక మెట్టు మీద కూర్చున్నాడు. "చూశారంటే, ఆమోదించారు."

యూజీసీ నిబంధనల ప్రకారం అటానమస్ కాలేజీ బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో డిపార్ట్‌మెంట్ హెడ్, అక్కడి అధ్యాపకులు, బయటి నుంచి ఇద్దరు నిపుణులు, ప్రిన్సిపాల్ పంపిన 6 పేర్లలోంచి వైస్ చాన్సలర్ ఎంచిన ఒకరు, పరిశ్రమ నుంచి ఒకరు, పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు. తక్కువ మందేం కాదు. వాళ్ళ ముందు ఒక పూటలో 200 పేజీలు పెడితే ఎవరు మాత్రం 117వ పేజీ నెత్తిన ఉన్న అంకె చూస్తారు? వాళ్ళను అడిగిందీ అది కాదు. పేజీలన్నీ కొత్తవే అన్నట్టు, అన్నీ సమానమే అన్నట్టు పెట్టారు. అసలు మారినవి ఏ పదో పన్నెండో పేజీలు.

వాయిదా పడిన పరీక్ష మీద ఒక కమిటీ కూర్చుంది. కమిటీ తేల్చిన మందు ఏమిటో చదివేవాళ్ళు ఊహించే ఉంటారు: సిలబస్ వెరిఫికేషన్ ఫారం, 4 సంతకాలతో. ఇప్పుడు మిత్రుడి బాక్స్ ఫైల్లో సగం ఆ ఫారాలే. ఇంటికి సున్నం వేయడానికి వచ్చినవాడు ఇంటి పట్టా మొదలు అన్ని కాగితాలూ అడిగినట్టుంది వ్యవహారం. ఒక్కో పొరపాటుకూ ఒక్కో ఫారం పుడుతుంది, ఏ ఫారమూ చావదు. మన ఆఫీసుల్లో ఇది ఒక్క కాలేజీకే పట్టిన జబ్బు కాదు.

గుట్ట పైనుంచి చూస్తే మౌలాలి రెండుగా కనిపిస్తుంది. ఒకవైపు రైలు పట్టాలు, షెడ్డు రేకులు. ఇంకోవైపు హౌసింగ్ బోర్డు కాలనీ డాబాలు, నల్ల నీళ్ళ ట్యాంకులు, దూరంగా ఈసీఐఎల్ వైపు చెట్లు. దర్గాలో కాసేపు కూర్చుని దిగాం. దిగేటప్పుడు మోకాళ్ళు మాట్లాడతాయి కాబట్టి మేం మాట్లాడలేదు.

కింద ఉన్నది మహ్‌లఖా బాయి చందా సమాధి. 1768లో పుట్టి 1824లో పోయిన కవయిత్రి, నర్తకి, నిజాం దర్బారులో పెద్ద హోదా ఉన్న మనిషి. తల్లి రాజ్‌కున్వర్ బాయి కోసం 1792లో కట్టించిన తోటలోనే చివరికి ఆమెనూ ఉంచారు. చాలాకాలం పాడుబడి ఉన్న ఆ చోటును 2010 తర్వాత అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేశారు. తెల్లటి గార పని, నాలుగు వైపులా దారులు, మధ్యలో ఆగి చూడాలనిపించే చిన్న మంటపం. ఆమె ఉర్దూ గజళ్ళ దివాన్ ఒకటి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1799 అక్టోబరులో ఒక నృత్య సభలో కెప్టెన్ జాన్ మాల్కమ్‌కు ఆమె స్వయంగా నజరానాగా ఇచ్చిన ప్రతి అది. ఆ సంగతి మనకెలా తెలుసంటే, ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎప్పుడు, ఏ సందర్భంలో అన్నది ఆ పుస్తకం మీదే రాసి పెట్టారు. ఒక్క ముక్క. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ ఒక్క ముక్క పట్టుకుని చరిత్రకారులు ఎంతో రాయగలుగుతున్నారు.

ఈ మాట మిత్రుడితో అంటే, అతను ఫైల్లోంచి పోయినసారి మినిట్స్ తీశాడు. ఒక అంశం కింద ఇంగ్లీషులో ఒకే వాక్యం ఉంది. తెలుగులో చెప్పాలంటే: చర్చించి, అనుబంధంలో చూపిన విధంగా ఆమోదించడమైనది. ఏం చర్చించారో లేదు. అంతకుముందు ఏముండేదో లేదు. ఎందుకు మార్చారో లేదు. అనుబంధం వేరే బీరువాలో ఉంది. వాక్యం కింద మాత్రం ఆకుపచ్చ సిరాతో, నీలం సిరాతో సంతకాలు చక్కగా ఉన్నాయి, వాటికి పిన్ను కొట్టిన టీఏ బిల్లు నకలు కూడా ఉంది. బిల్లు మీద తేదీ, కిలోమీటర్లు, రేటు అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

హౌసింగ్ బోర్డు కాలనీలో చిన్నాయన ఇంట్లో అన్నం, పచ్చిపులుసు, కంది పచ్చడి. తిన్నాక మిత్రుడు తన ఫైలు బాధ ఆయన ముందు పెట్టాడు. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నాలుగు కాగితాలు తిరగేసి, పక్కన పెట్టేసి, "మా దగ్గర కాషన్ ఆర్డర్ అని ఉంటది, తెల్సునా?" అన్నాడు. పాత క్యాలెండర్ ఆకు చించి, వెనక వైపు గీతలు కొట్టి చూపించాడు. ఏ స్టేషనుకూ ఏ స్టేషనుకూ మధ్య. ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు దాకా. స్పీడు ఎంత మించొద్దు. ఎందుకు. రైల్వేలో దాన్ని టీ/409 అంటారు. బండి బయల్దేరే ముందు స్టేషన్ వాళ్ళు లోకో పైలట్‌కు ఇచ్చి సంతకం తీసుకుంటారు.

"గింతే కాయితం. లైన్ల ఏం మారిందో గదే రాస్తరు. మారనిది రాయరు. మొత్తం లైను నాకు ముందే తెల్సు గదా."

లైను తెలియడమంటే మాటలు కాదు. కొత్త సెక్షన్లో బండి నడపాలంటే ముందు ఆ దారిని పగలూ రాత్రీ తిరిగి నేర్చుకోవాలి, నేర్చుకున్నానని సంతకం పెట్టాలి. దాన్ని రోడ్ లెర్నింగ్ అంటారు. ఆ మీద రోజువారీ మార్పులకు ఈ కాషన్ ఆర్డర్. మూలం ఒకటి, మార్పు వేరొకటి. రెంటినీ కలిపి ప్రతిసారీ కొత్తగా అచ్చువేయరు.

"మరి ఏం మారకపోతే?" అన్నాను.

"ఏం లేకుంటె ఏం లేదని సుత రాసిస్తరు, నిల్ అని. ఏం లేదని నోటితోని చెప్తె నడవది. రేపు ఎంక్వైరీ వస్తె నోరు సాక్షి గాదు."

మిత్రుడు ఆ క్యాలెండర్ ఆకు అడిగి తీసుకున్నాడు. నాకు ఆయన చెప్పినదాంట్లో రెండో ముక్కే ఎక్కువ విలువైందనిపించింది. కాగితాలు తగ్గించండి అనే మాట అందరూ అంటారు, చప్పట్లు పడతాయి. కానీ విశ్వవిద్యాలయంలో ఇబ్బంది కాగితం ఎక్కువై కాదు. అవసరమైన కాగితం లేకపోవడం, అక్కర్లేనిది దాన్ని కప్పేయడం, ఈ రెండూ కలిసి తెచ్చిన ఇబ్బంది అది. అవసరమైనవి నాలుగే ముక్కలు: ఏం మారింది, ఎందుకు, ఎవరు ఒప్పుకున్నారు, ఏ బ్యాచ్ నుంచి.

ఆటోలో లాలాపేట మీదుగా తార్నాక. నిజాం కాలం నాటి రైల్వే వర్క్‌షాపు గోడల పక్కనుంచి పోయే ఆ రోడ్డు మీద ఆటోవాడు కొట్టే ప్రతి హారన్‌కూ ఒక జవాబు వస్తుంది. తార్నాక నుంచి క్యాంపస్‌లోకి తిరగగానే చెట్లు, గాలి, వెడల్పు రోడ్డు. ఇది అడిక్‌మెట్ నేల. మహ్‌లఖా బాయికి జాగీరుగా దక్కిన అడిక్‌మెట్ భూముల్లోనే విశ్వవిద్యాలయం లేచిందని చెబుతారు. పొద్దున్నుంచీ మేం ఒకే మనిషి ఆస్తిలో తిరుగుతున్నామన్నమాట.

ఆర్ట్స్ కాలేజీ ముందు ఫోటోలు దిగే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. దాని గులాబీ రాతి గోడల గురించి రాసినవాళ్ళు ఎందరో. జైన్‌యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని దేశదేశాలు తిప్పి చూపించడం, బెల్జియం నుంచి ఎర్నెస్ట్ జాస్పర్‌ను పిలిపించడం, 1934లో పునాది, 1939 డిసెంబరులో ప్రారంభం, అదంతా తెలిసిందే. నాకు ఎప్పుడూ దానికంటే రుచిగా అనిపించేది ఈ భవనం లేవకముందు అబిడ్స్ వైపు అద్దె ఇళ్ళలో జరిగిన పని.

1917లో అక్బర్ హైదరీ నివేదిక మీద నిజాం ఒప్పుకున్న విశ్వవిద్యాలయంలో చదువంతా ఉర్దూలో. భౌతికశాస్త్రం, న్యాయం, తర్వాత వైద్యం, ఇంజనీరింగ్ కూడా. పుస్తకాలు లేవు. అందుకని కాలేజీకంటే ముందు అనువాద సంస్థ పుట్టింది, దారుల్ తర్జుమా. దానికి మౌల్వీ అబ్దుల్ హఖ్ పెద్ద. తరగతులు 1919 ఆగస్టులో మొదలయ్యాయి. అనువాదకుడు రాసింది నేరుగా అచ్చుకు పోయేది కాదు. శాస్త్ర పదాలు తేల్చడానికి నిపుణులూ భాషావేత్తలూ కలిసి కూర్చునే కమిటీలు ఉండేవి. భాష చూడడానికి నాజిర్-ఎ-అదబీ అనే ఉద్యోగి వేరే, మతానికి అభ్యంతరమైనదేమైనా ఉందేమో చూడడానికి నాజిర్-ఎ-మజ్‌హబీ వేరే. నజ్మ్ తబాతబాయి, ఆ తర్వాత జోష్ మలీహాబాదీ అంతటి కవులు భాష చూసే కుర్చీలో పనిచేశారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే అది కోర్సు ఆమోద ప్రక్రియే, నాలుగంచెల్లో. మత పరిశీలకుడి కుర్చీని నేను సమర్థించను. అయితే ఒక సంగతి గమనించాలి: ఎవరు ఏం చూడాలో పంపకం ఉంది. భాష చూసేవాడు లెక్కలు చూడడు. మన బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో అందరూ అన్నీ చూస్తారు, అంటే ఎవరూ ఏదీ చూడరు.

ఆ ఉర్దూ చదువు తెలుగు పల్లెల నుంచి వచ్చిన పిల్లలకు పరాయి చదువే, ఆ మాట దాచి చరిత్ర చెప్పడం నాకు చేతకాదు. 1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడినందుకు ఎందరో విద్యార్థులు బయటికి పోవాల్సివచ్చింది. వాళ్ళలో పి.వి. నరసింహారావు ఒకరు. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్ళను చేర్చుకుంది. ఉర్దూలో సగం చదివినవాడిని ఇంగ్లీషులో మిగతా సగానికి తీసుకోవాలంటే, అతను ఇంతవరకు ఏం చదివాడో అవతలివాళ్ళకు నమ్మకం కుదరాలి. దేశం విడిచి వెళ్ళే మన పిల్లలందరికీ ఇప్పుడు అదే అవసరం పడుతోంది.

టొరంటోలోనో న్యూయార్క్‌లోనో డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థలు మన డిగ్రీని తూచి చెబుతాయి. కొన్ని వృత్తులకు, కొన్ని విశ్వవిద్యాలయాల్లో క్రెడిట్ల బదిలీకి, మార్కుల జాబితా చాలదు. ఆ సంవత్సరం సిలబస్ నకలు, ముద్ర వేసి, కావాలి. డల్లాస్‌లో ఉన్న అమ్మాయి తరఫున ఆమె నాన్న వచ్చి క్యూలో నిలబడి, "మా అమ్మాయి ఫలానా సంవత్సరం, ఫలానా కోర్సు" అంటాడు. ఆ కోర్సు ఇప్పుడు లేదు. పేరు మారింది, లేదా రెండు సబ్జెక్టులు ఒకటయ్యాయి. ఇంట్లోనే ఉన్నవాళ్ళకూ ఇదే ఇబ్బంది. ఎప్పుడో ఒకటీ రెండూ పేపర్లు తప్పి డిగ్రీ లేకుండా ఉండిపోయినవాళ్ళకు ఉస్మానియాతో సహా మన విశ్వవిద్యాలయాలు అప్పుడప్పుడు వన్ టైమ్ చాన్స్ ఇస్తాయి. చాలా దయగల ఏర్పాటు. యాభయ్యో పడిలో ఉన్న మనిషి బీఏ పూర్తిచేయడానికి హాల్ టికెట్ తీసుకుంటాడు. వెంటనే వచ్చే ప్రశ్న: ఏ సిలబస్?

ఈ ప్రశ్నకు సగం జవాబు జేఎన్‌టీయూ వాళ్ళ ఆ చిన్న ఆర్ అక్షరంలో ఉంది. ప్రశ్నపత్రం పైన పెట్టెలో ఆర్18 అనో ఆర్22 అనో అచ్చు ఉంటుంది. పిల్లలు కూడా తమను అలాగే చెప్పుకుంటారు, నాది ఆర్18 బ్యాచ్ అని. ఒక సంవత్సరం ఆగి మళ్ళీ చేరినవాడు ఆర్22లో పడితే, అతను చదివిందేదో చదవాల్సిందేదో పోల్చి చెప్పే జాబితా ఉంటుంది. ఎవరు మొదలుపెట్టారో గాని, మన విశ్వవిద్యాలయాల కాగితాల పనిలో ఇంతకంటే తెలివైన చిన్న పని నేను చూడలేదు. లోటు ఎక్కడంటే, ఆ గుర్తు మొత్తం పుస్తకానికి ఉంది, లోపలి పేజీకి లేదు. మిత్రుడి కాలేజీలో ఆ సిలబస్ పేజీ నెత్తిన కూడా రెగ్యులేషన్ గుర్తు ఉండుంటే, పాత గుర్తు కింద కొత్త కోర్సు ఎవరి కంటైనా పడేది.

కంప్యూటర్ పెడితే అన్నీ కుదురుతాయనే వాళ్ళకు రెండు ఉదాహరణలు చెబుతాను. బ్రిటన్‌లో జిస్క్ అనే సంస్థ 2008 నుంచి 2012 దాకా కోర్సుల రూపకల్పన, ఆమోదం మెరుగుచేయడానికి కొన్ని విశ్వవిద్యాలయాలకు నిధులిచ్చింది. గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం మెయిళ్ళలో తిరిగే వర్డ్ ఫైళ్ళను పక్కనపెట్టి, కోర్సు వివరాలన్నీ ఒకేచోట నింపి అక్కడే ఆమోదం ఇచ్చే ఆన్‌లైన్ పద్ధతి తెచ్చింది. దాంతోపాటు కాగితం ఎవరి బల్ల మీద నుంచి ఎవరి బల్ల మీదికి ఎందుకు పోతోందో కూడా గీసి చూసుకున్నారు. రెండోది మనదే. 2016లో మొదలైన దోస్త్. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు చాలావరకు, ఉస్మానియా, కాకతీయ మొదలు శాతవాహన దాకా, ఒకే గుమ్మం గుండా పోయేలా చేసింది. దానివల్ల పిల్లలకు ఊరూరా ఫారాలు కొనే బాధ తప్పింది. నాకు నచ్చింది ఇంకొకటి: ఏ కాలేజీలో ఏ కోర్సు, ఏ మాధ్యమం, ఎన్ని సీట్లు అన్నది ఒకేచోట, ఒకే పట్టికలో ఉండక తప్పలేదు. చేరేటప్పుడు ఇంత శుభ్రంగా ఉన్న కోర్సు, చేరాక లోపల ఏం చదువుతారన్న దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ వర్డ్ ఫైలు అయిపోతుంది.

ఆర్ట్స్ కాలేజీ దాటి చెట్ల కింద బల్ల మీద కూర్చుని మిత్రుడు అజెండా వెనక వైపు గీతలు కొట్టడం మొదలుపెట్టాడు. చిన్నాయన ఇచ్చిన ఆకు పక్కన పెట్టుకున్నాడు. సబ్జెక్టు కోడు, పాతది, కొత్తది, ఎందుకు, ఏ బ్యాచ్ నుంచి. 200 పేజీల ఫైలు వడపోస్తే 11 వరుసలు వచ్చాయి. అందులో 6 పాఠ్యపుస్తకం ఎడిషన్ మారడం లాంటివి. అలాంటివాటికి ఇంతమంది పెద్దలు కూర్చోవడం ఎందుకని ఇద్దరం అనుకున్నాం. డిపార్ట్‌మెంట్ తీర్మానించి, పైకి తెలియజేస్తే సరిపోతుంది. మిగతా 5 మాత్రం మాట్లాడుకోవలసినవే. ఒక ల్యాబ్ తీసేసి దాని క్రెడిట్లు ప్రాజెక్టుకు కలిపారు. ఎందుకు అన్న గడి దగ్గర అతని పెన్ను ఆగింది.

"ఎందుకు?"

"ల్యాబులో సిస్టమ్స్ పాతవి. కొత్తవి కొనలేదు."

"రాయి."

"అది రాస్తే మేనేజ్‌మెంట్ ఒప్పుకోదు." కాసేపు ఆగి, "పరిశ్రమ అవసరాల దృష్ట్యా, అని రాస్తారు మామూలుగా," అన్నాడు.

ఆ గడి ఖాళీగానే ఉంది. నేను బలవంతం చేయలేదు. జీతం అతనిది. కానీ నాకు అర్థమైంది: పెద్ద ఫైలు ఊరికే పెద్దది కాదు. 200 పేజీల్లో ఈ ల్యాబు సంగతి ఎవరికీ కనబడదు. 11 వరుసల్లో అయితే మొదటి చూపుకే కనబడుతుంది. కాగితాల పని బాగుచేయాలంటే ఎదురయ్యేది సోమరితనం ఒక్కటే కాదు.

ప్రొఫెసర్ గారిల్లు క్యాంపస్ క్వార్టర్లలో. వరండాలో కుర్చీలు వేసి, టీ తెప్పించి, ఫైలు చూసి నవ్వారు. "ఇది నేను మోయాలా, చదవాలా?" అన్నారు. మిత్రుడు మొహమాటపడుతూ అజెండా వెనక రాసిన పట్టిక ఇచ్చాడు. ఆయన దాన్ని చదివారు. నిజంగా చదివారు, 4వ వరుస దగ్గర ఆగి, "ఈ పేపరుకు ముందు చదవాల్సింది తర్వాతి సెమిస్టర్లో పెట్టారేమిటి?" అన్నారు. మిత్రుడు ఫైలు తిరగేసి చూశాడు. నిజమే. డిపార్ట్‌మెంట్‌లో ఇంతమంది చూసినా దొరకనిది.

"దీన్నే మొదటి పేజీగా పెట్టండి. మిగతా కట్ట వెనకాల ఉండనివ్వండి."

"కౌన్సిల్‌కు పోయేదానికి ఈ ఫార్మాట్ లేదు సార్."

"లేదని ఎవరంటారు?"

"అకడమిక్ సెక్షన్ సూపరింటెండెంట్ గారు. ఆయన ఫార్మాట్ దాటి ఏదీ తీసుకోరు. పాత అనుబంధాలన్నీ ఆయన బీరువాలోనే ఉంటాయి."

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారాయన?"

"కాలేజీ పెట్టినప్పటి నుంచీ."

"మరి ఆయన్ను ఎప్పుడైనా బోర్డు మీటింగ్‌లో కూర్చోబెట్టారా?"

"ఆయన మెంబరు కాదు కదా సార్."

"స్పెషల్ ఇన్వైటీగా పిలవండి," అన్నారు ప్రొఫెసర్ గారు టీ కప్పు కింద పెడుతూ. "ఖర్చేం లేదు. నాకిచ్చినట్టు టీఏ కూడా ఇవ్వక్కర్లేదు, మేడ మీద నుంచి దిగి వస్తారు, అంతేగా."